ఎర్ర పీలికలు

కొండ మీది పార్కు గేటు దగ్గరే ఒకావిడ దర్జీనీ, అతని తల్లినీ, అక్కనూ, కూతురినీ ఆపింది.

దర్జీ చేతిలోని ఎర్రగుడ్డ పీలికల కట్ట చూసి, "ఇవి చెట్లకు కడతారా అన్నా?" అని అడిగింది.

అవునన్నాడు దర్జీ. కొమ్మకొమ్మకూ ఒకటి కట్టుకుంటూ పోతే, దిగేటప్పుడు దారి తప్పకుండా రావచ్చని అతని ఆలోచన. కొట్లో మిగిలిన ముక్కలన్నీ పోగుచేసి, రంపం పళ్లలా అంచు తెగే కత్తెరతో పీలికలు చేసుకొచ్చాడు.

"దిగేటప్పుడు మాత్రం విప్పుకుని రండి. మర్చిపోవద్దు," అంది ఆవిడ.

మెడలో ఈల, ఒంటి మీద పాత శాలువా, భుజాన ఖాళీ సంచి. పార్కు మనిషి అనుకుందామంటే యూనిఫాం లేదు.

కాస్త దూరం వెళ్లాక పిల్ల మేనత్త పెదవి విరిచింది.

"నీ పీలికల మీద కన్నేసిందిరా తమ్ముడూ. బొంత కుట్టుకుంటుంది కాబోలు."

దర్జీ నవ్వాడు. అతని కూతురికి నవ్వు రాలేదు. ఆవిడ ఆ మాటను బతిమాలినట్టు ఎందుకు చెప్పిందో ఆ పిల్లకు అర్థం కాలేదు.

చెట్ల కింద చాప పరిచి తెచ్చుకున్న డబ్బాలు ఖాళీ చేశారు. మోకాళ్లు కొండెక్కనంటున్నాయని నాయనమ్మ అక్కడే ఉండిపోయింది. పొద్దు వాలేలోపు వచ్చేస్తామని చెప్పి మిగతా ముగ్గురూ జలపాతం చూడటానికి బయల్దేరారు.

తీరా చూస్తే జలపాతం సన్నటి ధార. ఇంతకంటే మా వీధి కుళాయి నయమని మేనత్త దారి పొడుగునా సణిగింది.

దిగేటప్పుడు మంచు కమ్ముకుంది. చలి పెరిగింది. నాయనమ్మ దగ్గర కప్పుకోవడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది దర్జీకి. అడుగు వేగం పెంచాడు.

పీలిక తర్వాత పీలిక చూసుకుంటూ వస్తున్న వాళ్లు ఒకచోట ఆగిపోయారు.

దారి రెండుగా చీలింది. ఎక్కేటప్పుడు పక్కనుంచి ఇంకో దారి వచ్చి కలిసిన సంగతి ఎవరూ గమనించలేదు.

ఎడమ దారిలో ఎర్ర పీలిక ఉంది. కుడి దారిలోనూ ఉంది.

మేనత్త ఎడమ అంది. కాసేపటికి కుడి అంది. దర్జీ అటు నాలుగు అడుగులు వేశాడు, ఇటు నాలుగు అడుగులు వేశాడు. ఏ చెట్టు చూసినా ముందు చూసినట్టే ఉంది.

అంతలో కుడి దారిలో ఎవరో కదిలారు. గేటు దగ్గర చూసిన ఆవిడే. కొమ్మకున్న ఎర్ర పీలిక విప్పి సంచిలో వేసుకుంటోంది. సంచి సగం నిండి ఉంది.

"చెప్పానా," అంది మేనత్త.

దర్జీకి ఒళ్లు మండింది. మా గుర్తులు నువ్వెందుకు విప్పుతున్నావని నిలదీశాడు.

"ఇవి మీవి కావన్నా. ఎవరో కట్టి వదిలేసి పోయారు. మీవి ఎడమ దారిలో ఉన్నాయి. త్వరగా వెళ్లండి, కింద మీ అమ్మగారు చలికి వణుకుతున్నారు."

"మా అమ్మ సంగతి నీకెలా తెలుసు?" అంది మేనత్త.

ఆవిడ ఏదో చెప్పబోయింది. దర్జీ వినలేదు. ఆమె చేతిలోని పీలిక లాక్కుని కూతురికిచ్చాడు. ఆమె మన పీలికలు విప్పుతున్నది ఈ దారిలోనే కాబట్టి, మనం వచ్చిందీ ఈ దారేనని తేల్చేశాడు.

"మా వెనక రావద్దు," అని కుడివైపు నడిచాడు.

పిల్ల పీలికను వేళ్ల మధ్య నలుపుతూ నడిచింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు. తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు. అత్త మాట్లాడుతూనే ఉంది, నాన్న కోపంగా ఉన్నాడు.

బండరాయి అంచు దగ్గర పీలికలు ఆగిపోయాయి. కింద లోయలో మంచు తప్ప ఏమీ కనబడలేదు.

"నాన్నా," అంది పిల్ల. "ఇది మన కత్తెర కాదు. చేత్తో చించింది."

దర్జీ పీలిక అంచు తడిమి చూశాడు. దారాలు ఊడి వేలాడుతున్నాయి. వెంటనే వెనక్కి తిరిగాడు.

చీలిక దగ్గర ఆవిడ లేదు. ఎడమ దారిలో రంపం పళ్ల అంచున్న పీలికలు ఒక్కొక్కటే కనిపించాయి. వాటిని పట్టుకుని దాదాపు పరుగెత్తుతూ దిగారు.

నాయనమ్మ చాప మీద ముడుచుకుని కూర్చుని ఉంది. భుజాల చుట్టూ పాత శాలువా.

"ఆ ఈల అమ్మాయి కనబడిందా?" అంది వాళ్లను చూడగానే. "మధ్యాహ్నమంతా నా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. ఇందాక పరుగెత్తుకొచ్చి, మీరు తప్పు దారి పట్టారని చెప్పి, ఇది నాకు కప్పి, వెనక రావద్దన్నారు కాబట్టి మీకు ఎదురొస్తానని లోయలోంచి వెళ్లింది."

దర్జీ లోయ వైపు వెళ్లి, వచ్చేశామని గొంతు చించుకుని అరిచాడు. చాలా దూరం నుంచి ఈల వినిపించింది.

ఆవిడ వచ్చేదాకా ఉంటామన్నాడు. గేటు కాపలాదారు ఒప్పుకోలేదు. అందరూ వెళ్లారని నేను దీపం ఊపితే గానీ ఆమె దిగదు, మీరు కదలండన్నాడు. శాలువా అతని చేతికిచ్చి బండెక్కారు.

కొండ మలుపు దిగాక పిల్ల మెల్లగా అడిగింది.

"నాన్నా, మన పీలికలు విప్పామా?"

దర్జీ తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

"ఇంతకీ ఆవిడకెందుకే అమ్మా ఈ పని?" అంది మేనత్త. గొంతులో మునుపటి ఎకసెక్కం లేదు.

నాయనమ్మ కిటికీలోంచి కొండవైపు చూస్తూ చెప్పింది.

"చిన్నప్పుడు ఇలాగే ఎవరో వదిలేసిన పీలికల వెంట పోయి తప్పిపోయిందట. తను దొరికింది గానీ, వెతకడానికి వెళ్లిన వాళ్ల నాన్న ఇప్పటిదాకా దిగి రాలేదట."