నాలుగో ప్రతి

“నాది కానిదాన్ని నాదని రాసి సంతకం పెట్టను అల్లుడుగారూ,” అంటూ అత్తగారు హామీపత్రాన్ని బల్ల మీద వెనక్కి జరిపింది.

నవలాకారుడికి తల కొట్టేసినట్టయింది. భార్య మారు మాట్లాడకుండా పెట్టింది. బామ్మర్ది చదవకుండానే పెట్టాడు. మధ్యలో ఈవిడకేం వచ్చిందో అర్థం కాలేదు.

నిజానికి అతన్ని నవలాకారుడు అనేది ఇంట్లోవాళ్లే. బయట అతను నీటి పన్నుల ఆఫీసులో గుమాస్తా. పదకొండేళ్లుగా ఒకే నవల రాస్తున్నాడు. లైట్‌హౌస్ కాపలాదారు కథ అది. మొదటి ప్రతిలో కాపలాదారు చచ్చిపోతాడు. రెండో ప్రతిలో జాలేసి బతికించాడు. మూడోదాంట్లో కథని చివరినుంచి మొదలుపెట్టాడు. నాలుగోదాంట్లో ఎనభై పేజీల వర్షం కొట్టేసి, నలభై పేజీల మంచు కురిపించాడు. వీటిలో ఏది గొప్పదో తేల్చుకోలేక జుట్టు పీక్కుంటుండగా ఒక వారపత్రిక నవలల పోటీ ప్రకటించింది. ఒకరు ఒక్క నవలే పంపాలి. చేతిరాత ప్రతే పంపాలి. ‘ఇది నా సొంత రచన’ అని సంతకం చేసిన హామీపత్రం జతచేయాలి.

దాంతో అతని బుర్ర పాదరసంలా పనిచేసింది. నాలుగు ప్రతులూ నలుగురి పేర్లతో పంపితే ఏదో ఒకటి తగలకపోదు. దస్తూరీ ఒకటే అయితే దొరికిపోతారు కనక ఎవరి పేరుతో వెళ్లేది వాళ్లే తిరగరాయాలి. ఎవరు రోజుకెన్ని పేజీలు రాయాలో, ఏ వారానికి ఏ అధ్యాయం ముగించాలో పెద్ద పట్టిక వేసి గోడకి అంటించాడు. ఇదే ఆఖరి ప్రయత్నమని, ఈసారీ తిరిగొస్తే ఇక కలం ముట్టనని భార్య ముందు ఒట్టేశాడు. ఆవిడ ఒప్పుకున్నది అందుకే.

అత్తగారి సంగతి వేరు. ముప్పై ఏళ్లు కోర్టులో నకళ్లు రాసి రిటైరైన మనిషి. కామా కూడా పొల్లుపోనిచ్చేది కాదని పేరు. ఆవిడ ముత్యాల్లాంటి దస్తూరీ మీద కన్నేసే, అన్నిటికన్నా ముద్దుగా చూసుకునే నాలుగో ప్రతిని ఆవిడకి కేటాయించాడు అల్లుడు.

కూతురు వెళ్లి బతిమాలింది. ఆయన పదకొండేళ్ల కష్టమమ్మా, ఈ ఒక్కసారికి కాదనకు అంది. అత్తగారు రెండు రోజులు గడువడిగింది. మూడో రోజు పొద్దున్నే అల్లుణ్ణి పిలిచింది.

“సంతకం పెడతాను. కానీ రాసినన్నాళ్లూ నా గదిలోకి ఎవరూ రాకూడదు. పోస్టులో కూడా నేనే వేసుకుంటాను.”

“మీరెలా అంటే అలాగే అత్తయ్యగారూ,” అన్నాడతను పొంగిపోతూ.

మూడు నెలలు ఇల్లు ఇల్లులా లేదు. భార్య పేజీకో సందేహం తెచ్చింది. మూడో అధ్యాయంలో పెళ్లికాని కాపలాదారుకి ఏడో అధ్యాయంలో మామగారు ఉత్తరం ఎలా రాశాడని నిలదీసింది. బామ్మర్ది కార్ల డ్రైవింగ్ నేర్పే మనిషి. చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా వర్ణనలు దాటేసి ముందుకెళ్లిపోయాడు. అత్తగారు మాత్రం పొద్దున కాఫీ తాగి తలుపేసుకుంటే మళ్లీ భోజనానికే బయటికొచ్చేది. ఒక్క సందేహమూ అడగలేదు. రెండుసార్లు అదనంగా కాగితాలు తెప్పించుకుంది. అక్షరాలు పెద్దవిగా రాస్తోంది కాబోలని అతను సరిపెట్టుకున్నాడు. ఓ మధ్యాహ్నం ఆవిడ కళ్లు ఎర్రబడి ఉండడం చూసి, మంచు కురిసే ఘట్టం దాకా వచ్చినట్టున్నారని భార్య చెవిలో గర్వంగా ఊదాడు.

గడువు ముగిసిన రెండు నెలలకి కట్టలు తిరిగి రావడం మొదలైంది. అతని పేరుతో వెళ్లినదానికి ‘దస్తూరీ చక్కగా ఉంది’ అని చీటీ పెట్టారు. భార్యదానికి ‘కాపలాదారు బతికి సాధించినదేమీ కనబడలేదు’ అని రాశారు. బామ్మర్దిదానికి ‘వేగం మెచ్చుకోదగింది’ అన్నారు. నవలాకారుడు కుర్చీలో కూలబడ్డాడు. పదకొండేళ్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయని కన్నీళ్లు పెట్టుకున్నాడు. భార్య పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది.

మర్నాడు అత్తగారి పేరున ఉత్తరం వచ్చింది. మీ నవలని మొదటి బహుమతికి ఏకగ్రీవంగా ఎంపిక చేశాం, వచ్చే వారం సభకి రావాలి అని రాసి ఉంది.

ఇక అతన్ని పట్టపగ్గాల్లేవు. వర్షం తీసెయ్యడమే తన జీవితంలో చేసిన తెలివైన పని అన్నాడు. ఎవరికీ చెప్పొద్దంటూ ఆఫీసులో అందరికీ చెప్పాడు. గోడ మీది పాత పట్టిక పీకేసి కొత్తది అంటించాడు. అందులో ఐదో ప్రతి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఆరో ప్రతి ఏ ప్రచురణ సంస్థకి పంపాలో అన్నీ ఉన్నాయి. అత్తగారు ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయింది. వినే తీరిక ఎవరికుంది? సభలో ఆవిడ చదవాల్సిన ఉపన్యాసం కూడా అతనే రాసి చేతిలో పెట్టాడు.

“మీరేం కంగారుపడకండి అత్తయ్యగారూ. ఎవరైనా నవల గురించి అడిగితే నావైపు చూడండి, నేను చూసుకుంటాను.”

ఆవిడ ఆ కాగితం చదివి మడిచింది. ముఖంలో సంతోషముంది గానీ, దాని పక్కనే ఏదో ఇబ్బంది కూడా ఉంది. అది చూసి అతనికి జాలేసింది.

“ఆ సంతకం గురించేనా దిగులు? మనింట్లో మాటేగా, అబద్ధం రాశానని బాధపడకండి.”

“నేను అబద్ధం కింద సంతకం పెట్టలేదు బాబూ.”

“పోనీ, అలాగే అనుకోండి,” అని నవ్వాడతను. “ముందు నా నాలుగో ప్రతిలో మీకు బాగా నచ్చిన ఘట్టమేదో చెప్పండి. ఐదోదాంట్లో దాన్ని పెంచుతాను.”

“మీ నవల నేనింకా విప్పి చూడలేదు అల్లుడుగారూ.”