పదిహేడో చుక్క

లివర్ రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే మా ల్యాబులో ఇంట్లోవాళ్లనే బతిమాలుకుంటాం. "నా లివర్ సంగతి కూడా తేల్చెయ్యవే" అంటూ అన్నయ్య చెయ్యి చాపాడు. సీసాల మీద పేర్లుండవు, అంకెలే.

రక్తంలోని జన్యువులు, ప్రోటీన్లు, కొవ్వుల లెక్కలు కలిపి, మనిషికో చుక్కగా గ్రాఫు గీస్తే, ఆరోగ్యవంతుల్లో పదిహేడో చుక్క ఒక్కటే రోగుల గుంపులో పడింది.

"నమూనా పాడై ఉంటుంది. బియ్యంలో రాయి ఏరినట్టు ఏరెయ్యమ్మా" అన్నారు ప్రొఫెసర్.

ఏరేశాను. మా పరిశోధన పేపరు అచ్చయింది.

రెండేళ్లకు అన్నయ్య కళ్లు పచ్చబడ్డాయి. వార్డు బయట నిలబడి, ఏ అంకె ఎవరిదో రాసి ఉన్న పేర్ల జాబితా తెరిచాను. పదిహేడు అన్నయ్యే.

లోపల డాక్టరు అడుగుతున్నాడు, "ముందే ఎందుకు చూపించుకోలేదు?"

"మా చెల్లెలు చూసిందండీ," అన్నయ్య తలుపు దగ్గరున్న నన్ను గర్వంగా చూపించాడు. "ఏమైనా ఉంటే అది చెప్పేది కదా."