కిటికీకి సున్నం

రాతి బంగళా పై అంతస్తు కిటికీకి మళ్ళీ ఎవరో సున్నం పూశారు.

నల్లరాతి మీద తెల్ల సున్నం. గుమ్మంలో నిలబడితేనే కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

యామినికి ఒళ్ళు మండింది.

నవాబుల కాలం నాటి ఆ బంగళా ఇప్పుడు యూనివర్సిటీ ఆవరణలో ఉంది. చరిత్రలో పరిశోధన చేస్తున్న యామిని, చూడవచ్చిన వాళ్ళకు దగ్గరుండి చూపిస్తుంటుంది. దాన్ని కూల్చి కొత్త బ్లాకు కడదామనే వాళ్ళతో రెండేళ్ళుగా పోట్లాడుతోంది. బంగళా ఉండాలో పోవాలో తేల్చే కమిటీ ఈ రోజే వస్తోంది.

సరిగ్గా ఈ రోజే ఈ దరిద్రం.

ఏటా నవంబరు మొదట్లో ఇదే గొడవ. ఈసారి మాత్రం వాచ్‌మన్ పరమేష్ మనిషిని పట్టుకున్నాడు. ముసలాయన. తలకు తువ్వాలు, చేతిలో సున్నం డబ్బా, కుంచె. చంకన సంచిలో బంతిపూలు.

“పేరు ఏసేపంట మేడం. కోడుమూరంట,” అన్నాడు పరమేష్.

“ఏం పెద్దాయనా, ఎందుకు పూస్తాండావు దీనికి?” అడిగింది యామిని.

“మా పాప ఈడుండాదమ్మా.”

“ఈడ ఎవరూ లేరు.”

“ఉండాది.”

పరమేష్ కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు.

“కడిగెయ్,” అంది యామిని.

“కడగనమ్మా. ఈ ఒక్క దినం ఉండనీ. రేపు నేనే వచ్చి కడుగుతా.”

“పోలీసుల్ని పిలుస్తా.”

“పిలువమ్మా.”

కింద కార్లు ఆగిన చప్పుడైంది. పరమేష్ ముసలాయన్ని స్తంభం పక్కకు లాగి నిలబెట్టాడు.

కమిటీ పెద్దమనిషి పైకి రాగానే చూసింది కిటికీనే.

“ఏమిటీ మరక?”

“ఇప్పుడే కడిగిస్తున్నాం సార్,” అంది యామిని. మాట మార్చడానికి తన కథ ఎత్తుకుంది.

“రెండువేల తొమ్మిది వరదలో నీళ్ళు ఈ కిటికీ దాకా వచ్చాయి సార్. అప్పుడు నాది మూడో తరగతి. కొట్టుకుపోతుంటే ఎవరో జడ పట్టుకుని లాగి, ఈ కిటికీలోంచి లోపలికి తోశారు. ఆయన మొహం కూడా చూడలేదు. ఈ బంగళా లేకపోతే నేను లేను.”

పెద్దమనిషి తలూపాడు. అందరూ కిటికీని కొత్తగా చూశారు.

వాళ్ళు పక్క గదిలోకి వెళ్ళగానే యామిని వెనక్కి తిరిగింది.

“ఇంకా నిలబడ్డావే? కడుగు.”

ఏసేపు ఆమెను చాలాసేపు చూశాడు. తలకున్న తువ్వాలు విప్పాడు. పరమేష్ తెచ్చిన బకెట్ నీళ్ళలో ముంచి, కిటికీ బండ మొత్తం తుడిచాడు.

పోలీసు పేరు బాగానే పనిచేసిందనుకుంది యామిని.

వెళ్తూ ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. సున్నం చెయ్యి. యామిని వెనక్కి జరిగింది. ఆయనా చెయ్యి తీసేసుకున్నాడు.

బంగళా నిలిచింది.

మరుసటేడు నవంబరులో అదే డబ్బా పట్టుకుని ఒకామె వచ్చింది.

“నేను జ్ఞానమణి. ఏసేపు చెల్లెల్నమ్మా.”

“ఆయన రాలేదా?”

“ఎండాకాలంలో పోయినాడు. ఈ పని నాకు అప్పజెప్పి పోయినాడు.”

“అసలు ఏమిటమ్మా ఈ సున్నం?”

“ఈ పొద్దు మాకు సమాధుల పండగ. పోయినోళ్ళ సమాధికి సున్నం కొట్టి, పూలు పెడతాం. మా ప్రేమజ్యోతికి సమాధి యాడుండాది? శవం కూడా దొరకల్యా. మా అన్న బిడ్డను కడసారి చూసింది ఈ బండ మీదనే.”

యామిని బండ దగ్గరికి జరిగింది.

జ్ఞానమణి కుంచె ముంచింది.

“వరదలో పాపను భుజానెత్తుకొని ఈడికి ఈదుకొచ్చినాడు. ఈ బండ మీద కూసోబెట్టి, కిటికీ రెక్క గట్టిగా పట్టుకోమన్నాడు. లోపలికి దించేలోగానే ఎవరో పాప కొట్టుకొస్తా ఉండాది. వెనక్కి పోయి జడ అందుకున్నాడు. ఆ పాపను లోపలికి తోసి చూస్తే, బండ మీద మా బిడ్డ లేదు.”

యామిని చెయ్యి తన జడ మీదికి పోయింది.

“ఆ పాప... ఆయనకు మళ్ళీ ఎప్పుడైనా కనపడిందా?”

“పోయినేడు ఈడనే కనపడిందంట. ఎవరో మాత్రం చెప్పల్యా,” అంది జ్ఞానమణి, సున్నం పూస్తూనే. “శానా చదువుకుందంట. ‘ఎవరు చెప్పినా కడిగేటోణ్ణి కాదు, ఆ బిడ్డ చెప్పిందని కడిగినా’ అన్నాడమ్మా.”