ఎడమ తలుపు మీద మూడు గీతలు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. దీర్ఘాలు తప్పినా ఒత్తులు జారినా మన్నించండి. ఒక్కో వాక్యం కూడబలుక్కుని రాసేసరికి ఒక పూట గడిచిపోతుంది. అందుకే చిన్న కథే పట్టుకున్నాను.

"అల్లుడుగారూ, చేతిలో పని వదిలి ఒకసారి బయటికి రండి. గట్టిగా మాట్లాడకండి."

అత్తగారి గొంతు విని పాలిష్ మేస్త్రీ చేతిలోని స్టూలు పక్కన పెట్టి షెడ్డులోంచి వచ్చాడు. వాకిట్లో భార్య కారు ఉంది. దాని మీదికి అతని సైకిలు ఒరిగి ఉంది. బ్రేకు పిడి కొస ఎడమ తలుపుకి ఆనుకుని ఉంది. అక్కడి నుంచి వెనక్కి జానెడు పొడవున మూడు గీతలు, నల్లరంగు మీద తెల్లగా.

అతను గబగబా సైకిలు లేపి పక్కన నిలబెట్టాడు.

"స్టాండు వేశానే," అన్నాడు.

"వేసే ఉంటారు. పొద్దున్నుంచీ ఒకటే గాలి," అంది అత్తగారు.

ఆస్పత్రి నర్సులను రాత్రిళ్లు ఇళ్లకు చేర్చే కారు అది. నడిపేది అతని భార్యే. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి ఆఫీసులో కార్ల తనిఖీ. ఒంటి మీద గీత కనిపిస్తే ఈ ఏడాదికి డ్యూటీ ఇవ్వరు. ఆమె తెల్లవారాక వచ్చి పడుకుంది. మూడింటికి లేస్తుంది. ఇప్పుడు పదకొండు.

"మీ అమ్మాయి చేతిలో ఈ కారుకి ఇన్నాళ్లూ ఒక్క గీత పడలేదు. రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే చెబుతుంది. ఇది చూసిందంటే నన్ను సైకిలుతో సహా వీధిలో పెడుతుంది."

"నా పెంపకం నాకు తెలీదా? పెట్టేస్తుంది. బీరువాలను అద్దంలా చేస్తారు కదా, దీన్ని చేయలేరా?"

"చెక్క వేరు, ఇది వేరు అత్తయ్యా."

"రుద్దే చెయ్యి ఒకటేగా."

అతను మోకాళ్ల మీద కూర్చుని, సబ్బునీళ్లతో తలుపు కడిగి తుడిచాడు. గోరు పెట్టి గీతలకు అడ్డంగా మెల్లగా నడిపాడు. ఎక్కడా తట్టుకోలేదు.

"రంగు దాకా పోలేదు. దాని మీద గాజులాంటి పూత ఉంటుంది, అది మాత్రమే గీరుకుంది."

"అయితే బతికినట్టేనా?"

"చెయ్యి తేలిగ్గా ఆడితే. ఒక్క పిసరు ఎక్కువ రుద్దానంటే ఆ పూత పోయి లోపలి రంగు బయటపడుతుంది. ఇక దాచడానికి ఉండదు."

గీతల చుట్టూ టేపు అంటించాడు. షెడ్డులోంచి తడిపి రుద్దే గరుకు కాగితాల్లో అన్నిటికన్నా నున్నని వాటర్ పేపర్ తెచ్చి నీళ్లలో నానబెట్టాడు. అత్తగారు చెంబుతో సన్నగా సబ్బునీళ్లు పోస్తుంటే, అతను ఒకే వైపుకి, పసిపిల్ల చెంప తుడిచినట్టు రుద్దాడు. పది సార్లు రుద్దడం, తుడిచి చూడడం, మళ్లీ పది సార్లు.

ఆరాక చూస్తే గీతలు లేవు. వాటి బదులు అరచేయంత మచ్చ, బూడిద పూసినట్టు.

అత్తగారు చెంబు కింద పెట్టేసింది. "ఇంతకన్నా ఆ గీతలే నయం కదయ్యా."

"మధ్యలో అలాగే ఉంటుంది. మీరు అటు తిరిగి కూర్చోండి. మీరు చూస్తుంటే నాకు పని సాగదు."

పాత బనియను గుడ్డకి మెరుగు పెట్టే ముద్ద, రబ్బింగ్ కాంపౌండ్ అద్ది మొదలుపెట్టాడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఇద్దరూ బిగుసుకుపోయారు. అత్తగారు వెళ్లి తొంగిచూసి వచ్చింది.

"కళ్లు మూసుకునే ఉంది. కానివ్వండి."

ఒంటిగంటకి బూడిద పలచబడింది. రెండింటికి మచ్చలోంచి నలుపు తేలింది. అత్తగారు రెండోసారి టీ తెచ్చింది. ఈసారి చక్కెర దండిగా వేసింది.

"ఈ ఇంట్లో నా వైపున్న మనిషి మీరొక్కరే అత్తయ్యా."

"తాగండి, చల్లారిపోతుంది," అంది ఆమె, ఎటో చూస్తూ.

చివరగా పాలిష్ పట్టించి మెత్తటి గుడ్డతో తుడిచేసరికి తలుపులో అతని మొహం, వెనక అత్తగారి మొహం స్పష్టంగా కనిపించాయి.

మూడింటికి భార్య జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ తలుపు దగ్గర ఆగింది. వంగి చూసింది. అతను గుడ్డను వీపు వెనక దాచుకున్నాడు.

"కడిగావా?"

"దుమ్ము పట్టి ఉంటేను, ఊరికే అలా."

"ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో," అని తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రెండు గంటలూ అతను ముట్టుకున్న పనల్లా చెడిపోయింది. ఐదింటికి కారు వచ్చింది. అద్దం మీద కొత్త చీటీ అంటించి ఉంది.

"ఏడాదికి ఇచ్చారు," అంది భార్య దిగుతూ. "మా వరసలో ఒక్క మచ్చ లేని కారు మనదేనట."

అతను మెట్టు మీద చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి, ఎప్పుడూ లేనిది ఏదో పాట కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్లాడు.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు మొదలయ్యాక, కూతురు వంటింటి తలుపు దగ్గరికి వేసి తల్లి భుజం మీద తల వాల్చింది.

"నాలుగు గంటలు కదలకుండా కళ్లు మూసుకుని పడుకునేసరికి నడుం పట్టేసిందమ్మా. పొద్దున ఆస్పత్రి గేటుకి కారు గీరింది నేనేననీ, ఆ గీతల మీదికి సైకిలు ఒరగబెట్టింది మనమేననీ మాత్రం ఆయనకి చచ్చినా చెప్పకు."

— అమ్మమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది కూతురింట్లో, షెడ్డు పక్క గదిలో. అల్లుడుగారికి కథలు చదివే అలవాటు లేదు.