గట్టి రాయిలో చుక్క

గని కూలి నాలుగు రోజులైంది. లోపల చిక్కుకున్న నా తమ్ముడు రాతిని కొడుతున్న చప్పుడు సెన్సార్లకు అందుతోంది. అది ఎక్కడి నుంచి వస్తోందో కొలిచి, గని పటం మీద చుక్క పెట్టడం నా పని.

ఈ రాత్రి ఆ చుక్క పది అడుగులు కిందికి దిగింది.

"సరిగ్గా చూడవయ్యా! అక్కడ సొరంగమే లేదు. మీవాడు రాయిలోంచి నడుస్తున్నాడా ఏంటి?" అన్నాడు మేస్త్రీ.

మూడుసార్లు కొలిచాను. తేడా రాలేదు. చూస్తుండగానే మరో పది అడుగులు దిగింది.

"ఇప్పుడు డ్రిల్లు ఎటు దించమంటావ్?"

పైకి తెమ్మనే కదా దేవుడా, నీకు మొక్కుకున్నాను?

నేలలోకి దించిన ఇనుప గొట్టాన్ని మూడుసార్లు తట్టాను. చాలాసేపటికి తమ్ముడూ మూడుసార్లు తట్టాడు, పటం అడుగంచు కూడా దాటిన, ఏ డ్రిల్లూ అందుకోలేని లోతు నుంచి.