నాలుగింటి చప్పుడు

“ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి,” అన్నాడు ఎలిసేయో, చెవి గోడకు ఆనించి.

ఇంటావిడ ఫిలోమేన చింతపండు షర్బతు గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. చర్చి గంట నాలుగు కొట్టింది. ఆ వెంటనే వెనక గదిలో ఎక్కడో టక్, టక్, టక్ మని మూడుసార్లు చప్పుడైంది.

“విన్నారా?” అంది ఫిలోమేన. “రోజూ ఇదే టైముకి! ఏడాదిలో ముగ్గురు ఆ గదికి అద్దెకొచ్చి పారిపోయారు. ఆఖరివాడు ఒక చెప్పు వదిలేసి మరీ పోయాడు.”

ఎలిసేయో కనూల్ ఆ కాంపెచే అనే రేవు ఊళ్లోనే ముప్పై ఏళ్లు నీళ్ల గొట్టాలు బాగుచేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఇంట్లో తోచక, దయ్యాలున్నాయని పేరుపడ్డ చోటల్లా తిరగడం అలవాటు చేసుకున్నాడు. కోట బురుజులో ఏడ్చే ఆడమనిషి ఫిరంగి కంతలోంచి వీచే గాలి అని తేలింది. మూతపడ్డ గిడ్డంగిలో మూలిగే సైనికుడు పావురాల జంట అని తేలాడు. ఇరవై రెండు చోట్లు చూశాడు. ఒక్క దయ్యమూ దొరకలేదు.

“అసలు ఇంటికి దయ్యం ఎందుకు పడుతుందంటారు?” అడిగింది ఫిలోమేన.

“పట్టదండీ. గొట్టంలో గాలి చేరుతుంది, ఎండకి చెక్క బిగుస్తుంది, మనిషికి భయం వేస్తుంది. ఈ మూడూ కలిస్తే దయ్యం.”

“నాకలా అనిపించదు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో గోడలే మాట్లాడతాయి.”

ఎలిసేయో గోడ మీంచి చెవి తీసి ఆమె వంక చూశాడు. అప్పటిదాకా సరిగ్గా చూడనేలేదు.

కిటికీ రెక్క వదులుగా ఉంది. దానికి మేకులు కొట్టి, “ఇదే మీ దయ్యం. రేపు నాలుగింటికి వచ్చి మళ్లీ ఒకసారి చూస్తాను,” అన్నాడు.

మర్నాడు వచ్చాడు. “మీరు వంటింట్లో ఉండండి. నేను పెరట్లోంచి వింటాను. ఇద్దరం ఒకేచోట ఉంటే చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలీదు.”

నాలుగైంది. టక్, టక్, టక్.

“కిటికీ కాదన్నమాట! గొట్టం అయ్యుంటుంది,” అంటూ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. వేళ్ల కణుపుల మీద సున్నం అంటుకుని ఉంది. ఆమె చెంపలు ఎర్రబడి, కాస్త రొప్పుతూ వంటింట్లోంచి వచ్చింది.

గొట్టం మార్చాడు. ఆ తర్వాత దూలం. ఆ తర్వాత పెంకులు. రోజుకొకటి బాగవుతూనే ఉంది, చప్పుడు వస్తూనే ఉంది. అయినా ఆ ఇంట్లో ఎవరికీ విసుగు రాలేదు. ఫిలోమేన కుట్టుమిషను మూసేసి మూడింటికే అరిటాకుల్లో మొక్కజొన్న పిండి టమాలీలు చుట్టేది. ఎలిసేయో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిచ్చెన మోసుకొచ్చేవాడు. దయ్యం గురించి పావుగంట, మిగతావాటి గురించి మూడు గంటలు మాట్లాడుకునేవారు.

ఆదివారాలు మాత్రం ఫిలోమేన తన మేనకోడలు నిన్ఫా ఇంట్లో గడిపేది. ఆ ఆదివారం నిన్ఫా నవ్వాపుకోలేకపోయింది.

“అత్తా, ఆయన గొట్టాలు బాగుచేస్తున్నాడా, నిన్ను బాగుచేస్తున్నాడా?”

“నోర్ముయ్యవే.”

“ముప్పై ఏళ్లు ఊళ్లోని లీకులన్నీ పట్టినవాడికి ఒక్క టకటక దొరకలేదా? పెరట్లో నిలబడి తడుతున్నది ఎవరో చిలకనడిగినా చెబుతుంది.”

ఫిలోమేనకు కోపం రావాల్సింది. రాలేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని చాలాసేపు నవ్వుకుంది.

మూడో వారం గురువారం నాడు ఎలిసేయో స్క్రూడ్రైవరు పెట్టెలో పెట్టి మూత వేశాడు. ముఖంలో ఏదో తేల్చుకున్న గంభీరం.

“ఫిలోమేన గారూ, ఈ ఇంట్లో ఇక మార్చడానికేం మిగల్లేదు. ఆ చప్పుడు ఎవరు చేస్తున్నారో నాకు తెలిసిపోయింది.”

ఆమె తలవంచుకుని కొంగులా కప్పుకున్న శాలువా అంచు మడిచింది. “నాకూ తెలుసు. ఎప్పుడో తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే ఆగిపోతుంది. ఆగిపోతే మీరు రారు కదా.”

ఎలిసేయో నిచ్చెన గోడకు ఆనించాడు. “రోజూ రావడం కంటే ఇక్కడే ఉండిపోతే... నిచ్చెన మోసే బాధ తప్పుతుంది.”

“పాపం, బరువైన నిచ్చెనే,” అంది ఫిలోమేన, కళ్లు తుడుచుకుంటూ నవ్వి.

నెల తిరక్కుండా పెళ్లయింది. నిన్ఫా నలుగురు పిల్లలూ పూలు చల్లారు. ఊళ్లో సగంమంది సొరచేప కూర పెట్టిన మొక్కజొన్న రొట్టెలు తిని, దయ్యం కుదిర్చిన సంబంధమని ఆటపట్టించి వెళ్లారు. వెనక గది అద్దెకివ్వడం మానేసి అందులో నిచ్చెనా, పనిముట్ల పెట్టె సర్దుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వంటింట్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన కాఫీ పోస్తున్నాడు. ఆమె రెండు చేతులతో రొట్టె విరుస్తోంది. చర్చి గంట నాలుగు కొట్టింది. ఒకరినొకరు చూసుకుని, దొంగతనం పంచుకున్నవాళ్లలా ముసిముసిగా నవ్వుకున్నారు.

టక్, టక్, టక్.

కాఫీ కప్పు దాటి బల్లమీదకి పారింది.

“అయితే మీరు కాదా?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.