మంత్రాలు లేని ఊరు

"నేను ఇంక మంత్రం వెయ్యను వదినా," అంది రంజిత, చేతిలోని పాచికను బల్ల మీద పెట్టేసి.

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆడపడుచు కోకిల, కోకిల భర్త మురళి, ఎదురుగా రంజిత భర్త విమల్.

"సేనాపతికి కత్తిపోటు పడిండాది రంజితా. నువ్వు వైద్యురాలివి. మంత్రం వెయ్యకుంటే చచ్చిపోతాడు," అంది కోకిల.

"చావనీ."

మురళి నవ్వబోయి ఆగిపోయాడు. ఆటలో ఆ సేనాపతి విమలే.

తిరుత్తణిలో కోకిల వాళ్ళింటి మేడ మీద ఆదివారం ఆదివారం జరిగే ఆట అది. ఆ రోజు కింద మరమగ్గాలకు సెలవు. కోకిల కథ నడుపుతుంది. మిగతా ముగ్గురూ ఆ కథలోని రాజ్యంలో మనుషులు. ఎవరేం చేస్తారో వాళ్ళే చెప్పాలి, అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది.

కొత్త కోడళ్ళు పుట్టింట్లో గడిపే ఆడి నెలకని తిరువళ్ళూరులో పుట్టింటికి పోయిన రంజిత మళ్ళీ మొగుడి దగ్గరకు రాలేదు. కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని చేసే విమల్, అక్కడి అద్దె ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. ఇద్దరి మధ్యా ఫోన్లు లేవు, మాటల్లేవు. ఆదివారం మాత్రం ఎవరి దారిన వాళ్ళు ఈ బల్ల దగ్గరకు వచ్చేవాళ్ళు. కథలో ఎక్కడ కత్తులు దూసినా విమల్ అందరికంటే ముందు దూకేవాడు. దెబ్బ తగిలితే వైద్యురాలు వచ్చి "నొప్పిగా ఉందా సేనాపతీ?" అని అడుగుతుంది. వారం మొత్తం మీద ఆమె అతనితో అనే మాట అదొక్కటే.

"ఈ రాజ్యం చాలు వదినా," అంది రంజిత. "ఏం విరిగినా మంత్రంతో అతుక్కుంటాది. పోయినోడు గూడా లేచి కూర్చుంటాడు. ఇంక ఎవురికి భయం ఉంటాది? నువ్వు ఆ పొద్దు చెప్పినావే, లోకమంతా పాడైపోయినాక మిగిలినోళ్ళ ఆట. అది ఆడదాం."

"వద్దు!" అన్నాడు విమల్ గబుక్కున. "ఈ రాజ్యానికేం తక్కువక్కా? అందురూ పోయినాక ఆడేది ఏం ఆట?"

"చుమ్మా గమ్మునుండరా కాసేపు," అని కోకిల మొగుడి వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

"నాకూ ఆ రాక్షసులతో విసుగు పుట్టింది," అన్నాడు మురళి.

కోకిల తమ్ముడి ముఖం చూసింది. మరదలి ముఖం చూసింది. రాజ్యం పటాన్ని చుట్టి పక్కన పెట్టేసింది.

విమల్ చూపు ఆ పటం చుట్ట మీదే ఉంది. ఇక సేనాపతి ఉండడు. నొప్పిగా ఉందా అని అడిగేవాళ్ళూ ఉండరు. వచ్చే ఆదివారం రంజిత వస్తుందో రాదో.

"ఈ ఆటలో రాజులు లేరు, మంత్రాలు లేవు," అని మొదలుపెట్టింది కోకిల. "మీరు మీరే. ఊర్లు మన ఊర్లే. ఎవురిండ్లల్లో వాళ్ళు పొద్దున్నే లేచి చూస్తే కరెంటు లేదు, ఫోన్లు లేవు. రైళ్ళు పట్టాల మీద అట్లే నిలిచిపోయిండాయి. మనుషులు యాడో ఒకరు మిగిలినారు, ఎవురు మిగిలినారో తెలీదు. మీ చేతిలో ఒక బాటిల్ నీళ్ళు ఉండాయి. యాడికి పోతారు? ఒకరిది ఒకరు వినకూడదు. ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో చెప్పండి."

"ఊత్తుకోట రోడ్డులో పరోటా అంగడికి," అన్నాడు మురళి కూర్చున్న చోటినుంచే. "ఓనరు పోయినా పిండి ఉంటాది గదా."

రంజితకు కూడా నవ్వొచ్చింది. ఆమె నవ్వు చూస్తూనే విమల్ లేచాడు. అక్క చెవి దగ్గర వంగాడు.

"తిరువళ్ళూరుకు."

"కాట్టుపల్లి నుంచా? నడిచి పోవల్లరా. ఆ నీళ్ళు యాడికి చాలతాయి?" అంది కోకిల గుసగుసగా.

"చాలకుంటే పోనీ. ఆమె ఉండాదో లేదో చూడాల."

"ఉంటే ఏం చెప్తావు?"

"తెలీదక్కా. ముందు పోతే చాలు."

తర్వాత రంజిత వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నగా ఏదో చెప్పింది. కోకిల కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఏమంటాది?" అన్నాడు మురళి ఆత్రంగా.

"వచ్చే వారం," అని కోకిల పాచికలను డబ్బాలో వేసేసింది.

సాయంత్రం చెన్నై రైల్లో రంజిత ఎప్పటిలాగే ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కింది. విమల్ వెనక పెట్టెలో తలుపు దగ్గర నిలబడ్డాడు. అరక్కోణం పోయింది, తిరువాలంగాడు పోయింది. ప్రతి ఆదివారం తిరువళ్ళూరులో ఆమె దిగడం, జనంలో కలిసిపోవడం ఇక్కడినుంచే చూసేవాడు. తాను మాత్రం ఎప్పుడూ దిగలేదు. అతని టికెట్టు చెన్నైకి, అక్కడినుంచి కాట్టుపల్లికి బస్సు.

తిరువళ్ళూరు దగ్గరపడి రైలు నెమ్మదించింది. అంతా నాశనమైన రోజున ఇంత దూరం నడిచి వస్తానన్నవాడికి, రైలు ఆగే ఊళ్ళో దిగడానికి ఏమడ్డం అనిపించింది విమల్‌కు.

దిగేశాడు.

ఏం మాట్లాడాలో ఇంకా తోచలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాడు. పూలబుట్టలతో ఒకామె, చంకలో బిడ్డతో ఒకామె, కాలేజీ అమ్మాయిలు. దిగినవాళ్ళందరూ అతన్ని దాటిపోయారు. రంజిత లేదు. ఈ గుంపులో తప్పిపోయిందా? మెట్ల వైపు పరుగెత్తాడు. అక్కడా లేదు.

కూత వేసి రైలు కదిలింది.

"బావా!"

విమల్ గిరుక్కున తిరిగాడు. కదిలిపోతున్న ఆడవాళ్ళ పెట్టె కిటికీకి ముఖం ఆనించి రంజిత అరుస్తోంది:

"నేను కాట్టుపల్లికి, మనింటికి వస్తా ఉంటే నువ్వు ఈడ ఎందుకు దిగేసినావు?"